నక్షాలో ఎక్కని సమాధి

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. చాయ్ చేతికి అందకముందే అడుగుతారు, "సార్, మీకు ఎప్పుడైనా బంగారం దొరికిందా?" అని. దొరకలేదు. మాకు దొరికింది రాళ్లు, కుండపెంకులు, ఎముకలు, చిలుము పట్టిన కొంచెం రాగి. అవి కూడా నేను తవ్వి తీసినవి కావు. తవ్వేవాళ్లు తవ్వారు, నేను పక్కన ఎండలో కూర్చుని గీశాను. పాత సమాధుల తవ్వకాల్లో నక్షాలు గీసే ఉద్యోగం నాది. ఏ రాయి ఎక్కడుంది, ఎటు వంగి ఉంది, దాని పక్కన ఏముంది, అదంతా చూసి కాగితం మీద పెట్టాలి. రాయి కదిలిందంటే ఇక ఆ కాగితమే దిక్కు.

ఉద్యోగంలో ఎప్పుడు చేరాను, ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాను, ఇవేవీ రాయను. మీకు పనికిరావు, నాకే సరిగ్గా గుర్తులేవు. పందొమ్మిది వందల యాభైలలో జరిగిన ఒక సంగతి మాత్రం రాస్తాను. ఈ పని ఏమిటో నాకు తెలిసింది అందులోనే. చదివాక మనసు బాగుండదు, ఆ మాట ముందే చెబుతున్నాను.

గళ్ల కాగితం

మాది సోలాపూర్‌లో నేతవాళ్ల వాడ. ఇప్పుడు అశోక్ చౌక్ అంటున్నారే, ఆ దిక్కు. తాతల నాడు తెలంగాణ నుంచి బతుకుదెరువు కోసం వచ్చినవాళ్లం. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బజార్లో హిందీ. కోపమొస్తే మూడూ కలిసిపోయేవి. మా నాయన గుంత మగ్గం మీద చద్దర్లు నేసేవాడు. చద్దరు మీద పువ్వు రావాలన్నా, నెమలి రావాలన్నా ముందు గళ్ల కాగితం మీద నక్షా గీయాలి. ఒక్కో గడికి ఇన్ని పోగులని లెక్క. ఆ పని నాకు చిన్నప్పుడే అబ్బింది. తవ్వకాల వాళ్లు కూడా గళ్ల కాగితం మీదే గీస్తారు కాబట్టి నాకు అక్కడ పని దొరికింది. అంతకు మించి నాకున్న విద్య ఏమీ లేదు.

నా మొదటి పై అధికారి జోషీ సార్, పుణె మనిషి. నోరు మంచిది కాదు. బీడు నేలలో ఒక మెరక మీద గుండ్రంగా రాళ్లు పేర్చిన పాత సమాధి ఉంటే, దాని ముందు నన్ను కూర్చోబెట్టి గీయమన్నారు. వలయంలో ఒక పక్క రాళ్లు పోయాయి. నేను గీసిన వలయం మాత్రం నిండుగా ఉంది. నేతింటి అలవాటు అది. తెగిన పోగు కనిపిస్తే మా వేళ్లు ఊరుకోవు, అతికేస్తాయి. నెమలికి ఒక రెక్క ఉంటే రెండో రెక్క గీసేస్తాం. జోషీ సార్ జేబులోంచి బ్లేడు తీసి, నేను అతికిన రాళ్లన్నీ ఒక్కొక్కటిగా గీకేశారు.

"లేనిది గీయకు," అన్నారు మరాఠీలో. "ఉన్నది వదలకు. ఈ రెండూ చేతనైతే రేపు రా. లేకపోతే మగ్గం దగ్గరికే పో."

రెండో మాట ఎందుకన్నారో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఉన్నదాన్ని ఎవడు వదులుతాడు అనుకున్నాను.

ఆ గుట్ట

ఆ దశాబ్దం చివర్లో ఒక విదేశీ బృందం అరబ్బు ఎడారిలో ఒక కొండ దగ్గర తవ్వకాలు మొదలుపెట్టింది. హిందుస్తానీ మాట్లాడగలిగి, రాళ్లు గీయగలిగిన మనిషి కావాలని అడిగితే జోషీ సార్ నా పేరు చెప్పారు. గుడారాలు, సంచులు కుట్టడానికి ఒక మనిషి, గంపలు మోయడానికి కొందరు బొంబాయి నుంచి కావాలన్నారు. ఆ సంగతి మా వాడలో తెలిసిపోయింది.

మా పక్కింటి నర్సయ్య నాకంటే పెద్దవాడు. నేను నర్సన్న అనేవాణ్ణి. మంచి నేతగాడు. కానీ అప్పటికే సోలాపూర్‌లో కరెంటు మగ్గాల చప్పుడు పెరుగుతోంది, గుంత మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. నర్సన్న మగ్గం మీద ఉన్న పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయాక కొత్త పడుగు ఎక్కలేదు. ఆయన భార్య లచ్చవ్వ బీడీలు చుడితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. అది ఆయనకు చిన్నతనంగా ఉండేది.

"తమ్మీ, గుడారం గుడ్డ గూడ గుడ్డనే గద," అన్నాడు నాతో. "నన్ను గూడ రానియ్యమని చెప్పు. గీడ కూసోని కూసోని నడుం పట్టింది."

అలా వచ్చాడు. మా వీధి ఎల్లయ్య కూడా గంపలు మోయడానికి వచ్చాడు. బొంబాయిలో స్టీమరు ఎక్కి, దిగాక ఇసుకలో లారీ మీద పోయి పోయి ఆ కొండ దగ్గరికి చేరాం. అప్పట్లో అక్కడ కూడా రూపాయే చెల్లేది. అందుకని నర్సన్నకు పరాయి దేశమనిపించలేదు. "గిది మన అక్కల్‌కోట్ దాటినంక ఉన్నట్టే ఉంది," అన్నాడు చుట్టూ చూసి, మా సోలాపూర్ పక్క ఊరిని తలచుకుని.

అలా ఏమీ లేదు. చదునైన ఎడారిలో ఒక్కటే బోడి కొండ, పొడుగ్గా పడుకుని ఉంటుంది. గడ్డి లేదు. కింద వాగుల్లో తుమ్మ జాతి చెట్లు అక్కడక్కడ. కొండమేకలు నిట్టనిలువు రాతి మీద నడిచేవి, వాటి కాళ్ల కింద నుంచి గులకరాళ్లు జారితే తప్ప కనిపించేవి కావు. పసుపు ముఖం, తెల్ల రెక్కల రాబందులు పైన తిరుగుతుండేవి. చీకటి పడితే నక్కలు. విచిత్రమేమిటంటే ఆ కొండ రాతిలో సముద్రపు గవ్వలు, గుల్లలు ఇరుక్కుని ఉన్నాయి. ఒకప్పుడు అదంతా సముద్రం అడుగట. కొండ కింది గట్ల మీద, వరసగా, రాళ్లతో గుమ్మటాల్లా పేర్చిన సమాధులు. చెక్కిన పలకరాళ్లను లోపలికి వంచుతూ కట్టారు. చాలావరకు కూలి కుప్పలయ్యాయి. వేల ఏళ్ల కిందటివి. ఎవరివో ఎవరికీ తెలియదు.

క్యాంపు పెద్దను అందరం సాబ్ అనేవాళ్లం. పనిమంతుడు. ఒక మంచి మాట నేర్పాడు. సమాధి ఒక్కటే గీస్తే లాభం లేదు, కొండను కూడా గీయాలి, ఎందుకంటే రాయి అక్కడిదే, దారి అక్కడిదే అన్నాడు. అందుకే మా నక్షాలో ప్రతి తుమ్మచెట్టూ ఉంది. కొండమేకలు నీళ్లకు దిగే దారి చుక్కల గీతగా ఉంది. ఇది మీరు గుర్తుపెట్టుకోండి, వెనక మళ్లీ పనికొస్తుంది.

పీరు కాని పీరు

మా సోలాపూర్‌లో హిందువుల ఇళ్లలో కూడా పీరుకు మొక్కుతారు. పిల్లవాడికి జ్వరం తగ్గితే దర్గాకు పోయి గోరీ మీద చద్దరు కప్పి వస్తారు. ఆ చద్దరు నేసేది మా వాళ్లే కాబట్టి, గోరీ అంటే చద్దరు అన్నది మాకు రక్తంలోనే ఉంది. నర్సన్న ఆ రాతి గుమ్మటాలను చూసి ఇన్ని గోరీలు చద్దరు లేకుండా ఖాళీగా ఎందుకున్నాయని అడిగాడు. అలా మా వాళ్లు తప్ప ఇంకెవరూ అడగరు.

అరబ్బు దేశం, గోరీలు, పైగా మా వాళ్లు దర్గాకు పోయే గురువారం. ఆయన లెక్క ఆయనకు కుదిరింది. ఒక గురువారం పొద్దున, అన్నిటికంటే పెద్ద సమాధి ముందు ఊదు వేసి, తన చద్దరు తెచ్చి దాని మీద కప్పాడు. అది ఆయన మగ్గం మీద నుంచి దిగిన ఆఖరి చద్దరు. పడుగు కొస కావడంతో కురచగా వచ్చింది, ఎవరూ కొనలేదు. రాత్రి దాన్నే కప్పుకునేవాడు. "తల కప్పితే కాళ్లు బైట, కాళ్లు కప్పితే తల బైట. ముడుసుకోని పంటే బరోబర్ సరిపోతది," అని నవ్వేవాడు.

అక్కడి పనివాళ్ల పెద్ద సలీం. పడవల మీద బొంబాయి వచ్చిపోయిన మనిషి, హిందుస్తానీ బాగా వచ్చు. వాడు చూసి మండిపడ్డాడు.

"యే పీర్ నహీ హై! మా ప్రవక్త కంటే ముందటి వాళ్లు. వీళ్లకు దేవుడి పేరే తెలియదు. తీసెయ్!"

"పీరు కాకుంటె కాకపాయె," అన్నాడు నర్సన్న నావైపు తిరిగి. "సచ్చినోల్లే గద తమ్మీ. పొద్దుగూకితె గీ గుట్టల ఎంత సలి పెడ్తదో నీకెర్కలేదా?"

సాబ్ కూడా వచ్చి, ఫోటోలు తీయాలి, గుడ్డ తీయమన్నాడు. నర్సన్న చద్దరు మడిచి భుజాన వేసుకుని గుడారాలు కుట్టడానికి పోయాడు. క్యాంపులో చాలా రోజులు దాన్ని చెప్పుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

రాళ్లు

ఆ చలికాలం పని ముగుస్తుండగా నర్సన్నకు కడుపునొప్పి పట్టుకుంది, వెంటనే జ్వరం. డాక్టరు సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్లో ఉంటాడు. ఉన్న ఒక్క లారీ నీళ్లకు పోయింది. అది తిరిగొచ్చేసరికి నర్సన్న పోయాడు. ఇక్కడ ఆగి ఒక మాట చెబుతాను. మీరు ఏ క్యాంపు నడిపినా సరే, ఒక బండిని ఎటూ పోనీయకుండా అట్టిపెట్టండి. నీళ్లు లేకపోతే ఒక పూట ఓర్చుకోవచ్చు. దీని గురించి ఎవరూ ఏ పుస్తకంలోనూ రాయరు, అందుకే రాస్తున్నాను.

నర్సన్న ఇంట్లో కాల్చరు, పూడుస్తారు. ఎండ, ఆగే వీలు లేదు. నేల తవ్వుదామంటే గడ్డపార దిగలేదు, అంతా రాయి. చివరికి ఒక గట్టు కొసన కొంచెం లోతు చేసి పడుకోబెట్టాం. ఆయన చద్దరే ఆయన మీద కప్పాం. ఎల్లయ్య ముఖం దాకా లాగి కప్పాడు. పైన నక్కలు తవ్వకుండా రాళ్లు పేర్చాలి. ఎల్లయ్య, ఇంకొందరు ఏడుస్తూనే పక్కనే కూలిపోయి ఉన్న పాత సమాధి దగ్గరికి పోయి, అక్కడి పలకరాళ్లు మోసుకొచ్చారు. చెక్కిన రాళ్లు, చక్కగా కూర్చుంటాయి. సలీం తన మనుషులతో వచ్చి చేయి కలిపాడు. ఆ వాలులో రాయి నిలవాలంటే లోపలికి వంచుతూ పేర్చడం తప్ప మార్గం లేదు. పేర్చడం అయ్యాక వెనక్కి వచ్చి చూస్తే గట్టు మీద ఇంకో గుమ్మటం లేచి ఉంది. అచ్చం వాటిలాంటిదే, కొంచెం చిన్నది.

మర్నాడు సాబ్ గొడవ చేశాడు. ఆ కూలిన సమాధిని నేను సగం గీసి ఉన్నాను, మిగతా సగం రాళ్లు ఇప్పుడు లేవు. ఆ రాళ్లు తెచ్చి ఎక్కడివక్కడ పెట్టమన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ నిజం చెప్పాలంటే, పని దృష్టితో చూస్తే ఆయన మాట తప్పు కాదు. వేల ఏళ్లు కదలని రాళ్లు మా వాళ్ల చేతుల్లో ఒక్క పూటలో కదిలాయి. మనం ఎవరి సమాధినైనా కాపాడాలని వచ్చినవాళ్లం, మన మనిషి పోయాడని ఆ నియమం మారదు. ఇది చెప్పడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఎల్లయ్య మాత్రం ఆ గుమ్మటం ముందు కూర్చుని నన్ను పిలిచాడు. "సాబ్‌కు చెప్పు రాజలింగూ. రాళ్లు గావాల్నంటె ముందు నన్ను గూడ గీన్నే పండవెట్టుమను."

నేను ఆ మాట చెప్పలేదు. చెప్పే పని పడలేదు. సాబ్ స్వయంగా గట్టు ఎక్కి వచ్చాడు, టోపీ తీశాడు. రాళ్లు ఉండనీయమని చెప్పి దిగిపోయాడు. చెడ్డవాడు కాదు.

ఆ తర్వాత నేను నక్షా పూర్తి చేస్తూ, గట్టు కొసన నర్సన్న గుమ్మటం గీశాను. సాబ్ చూసి బ్లేడు తీశాడు.

"ఇది ప్రాచీన సమాధుల నక్షా."

"ఉన్నది గీశాను సార్. గీయకపోతే రేపు ఎవరో వచ్చి పాతదనుకుని తెరుస్తారు."

"మన తర్వాత ఇక్కడికి ఎవరొస్తారు?" అని ఆయన దాన్ని గీకేశాడు.

బ్లేడు చప్పుడు నాకు పాత పరిచయమే. జోషీ సార్ చెప్పిన రెండో మాట అప్పుడు అర్థమైంది. ప్రతి తవ్వకం పెద్దకూ ఉండే జబ్బు ఇది. అక్కడికి వచ్చిన ఆఖరి మనిషిని తానే అనుకుంటాడు.

కురచ చద్దరు

సోలాపూర్ చేరాక లచ్చవ్వ దగ్గరికి వెంటనే పోలేకపోయాను. మా ఇంట్లోనే కూర్చున్నాను. మా నాయన నా దగ్గరున్న సమాధుల బొమ్మలు తిరగేసి, చివరికి ఒక్కటే అడిగాడు.

"గా గోరీలల్ల బట్ట దొర్కిందా?"

"దొరకలే నాయనా. రాగి ఉంటది, పెంకు ఉంటది, పూసలు ఉంటయి. బట్ట ఉండది. మట్టి తింటది."

"ఒక్క పోగు గూడ?"

"ఒక్క పోగు గూడ దొరకలే."

నాయన మగ్గం వైపు చూశాడు. "అయితె గాళ్లల్ల మనసొంటోల్లు ఉండిరా లేరా, ఎవ్వలికీ ఎర్కగాదన్నట్టు," అన్నాడు.  

లచ్చవ్వ గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. టెలిగ్రాం ముందే అందింది, ఏడవాల్సిన ఏడుపు అయిపోయింది. నన్ను చూసి చేయి ఆపలేదు. ఎలా పోయాడు, ఏం తిన్నాడు, ఎవరిని తలచుకున్నాడు అని అడిగింది. అన్నీ చెప్పాను. తర్వాత అడిగింది.

"మీద ఏం కప్పిన్రు?"

"నర్సన్న చద్దరే, వదినె."

"ఏ చద్దర్? ఎంబడి కొంచవోయినదేనా?"

"అదే."

అప్పుడు ఆమె చేయి ఆగింది. "గది కురచ, రాజలింగూ. ఆయన పొడుగు మనిషి. కాళ్లు బైటికే ఉండి ఉంటయి."

 ముడుచుకుని పడుకుంటే సరిపోయే చద్దరు అది. మేము ఆయన్ని చాపి పడుకోబెట్టాం.

కొద్ది రోజులకు మా వీధిలో ఎప్పుడూ జరగని పని జరిగింది. ఆడవాళ్లు కండెలు చుట్టడం, పడుగు సరిచేయడం మామూలే, కానీ గుంతలో దిగి మగ్గం మీద కూర్చునేది మగవాళ్లే. లచ్చవ్వ నర్సన్న గుంతలో దిగింది. ఎవరేమన్నా వినలేదు. మా నాయన పోయి పడుగు ఎక్కించి ఇచ్చాడు. కొత్త చద్దరు కొంగున పేరు రావాలని లచ్చవ్వ అడిగితే నేను గళ్ల కాగితం మీద అక్షరాలు గీశాను.

"ఏమేం రావాలె వదినె?"

"ఆయన పేరు. ఊరి పేరు."

"నీ పేరు?"

"నేనింక సావలే గద," అంది.

పగలు బీడీలు, మిగిలిన పొద్దు మగ్గం. ఒక్కో అక్షరానికి పోగులు వేళ్లతో ఎత్తి నేసింది. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. చద్దరు మాత్రం ఇద్దరు మనుషులకు సరిపోయేంత పొడుగు. తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మల్లొచ్చే చలికాలం పోతవు గద. కాళ్లు కప్పిరా. పేరు సూసినోడు ఎవ్వడు ముట్టడు."

బట్ట నిలవదని మా నాయనకు చెప్పిన మాట ఆమెకు చెప్పలేదు.

తెరిచిన గట్టు

మరుసటి చలికాలం నా స్టీమరు ఆలస్యమైంది. సాబ్ ఇంకా రాలేదు. ముందుగా వచ్చిన ఒక కుర్రసారు, చదువుకున్నవాడు, మంచివాడు, కొత్త పనివాళ్లతో పని మొదలుపెట్టాడు. నేను లారీ దిగగానే ఎదురొచ్చాడు. జరిగింది చెప్పాడు. సలీం వెనకే నిలబడి ఉన్నాడు.

ఆ కుర్రసారు నక్షా పట్టుకుని గట్లన్నీ తిరిగాడు. గట్టు కొసన ఉన్న గుమ్మటం నక్షాలో లేదు. అందరూ చూడకుండా వదిలేసిన సమాధి దొరికిందనుకున్నాడు. పైగా చెక్కుచెదరలేదు, దొంగలు పడిన గుర్తు లేదు. ఎవరైనా ఏం చేస్తారు? నేనైనా అదే అనుకునేవాణ్ణి. పైరాళ్లు తీయించాడు.

"ముందు కాళ్లు కనిపించాయి," అన్నాడు. "తర్వాత గుడ్డ కనిపించింది. గుడ్డ ఇంత కాలం నిలవదు కదా, అప్పుడు తెలిసింది."

సలీం ఆ కబురు విని ఊరినుంచి పరిగెత్తుకొచ్చాడట. రాళ్లు మళ్లీ పేర్చలేదు. గుడారం గుడ్డ పైన పరిచి, అంచులకు బరువులు పెట్టి, నక్కలు రాకుండా అక్కడే కాపలా కూర్చున్నాడు.

"నువ్వు వస్తావని ఆగాను. మీ మనిషి, మీ పద్ధతి ఏదో నాకు తెలియదు," అన్నాడు.

నేను పెట్టెలోంచి లచ్చవ్వ చద్దరు తీశాను. ఒకప్పుడు చద్దరు తీసెయ్యమని అరిచిన సలీమే రెండో కొస పట్టుకున్నాడు. గుడారం గుడ్డ తొలగించి, పాత చద్దరు మీద కొత్తది పరిచాం. కింద నేను ఏం చూశానో రాయను. తల దగ్గర నుంచి పాదాలు దాటి రెండు వైపులా దోపాం. పేరు పైకి ఉంది. తర్వాత రాళ్లు పేర్చాం. కుర్రసారు కూడా రాళ్లు మోశాడు, మోసేటప్పుడు ఏడ్చాడు.

ఆ సాయంత్రం ఆయనే నక్షా నా ముందు పెట్టి గీయమన్నాడు. గీశాను. పక్కన ఏం రాయాలని అడిగితే, నర్సయ్య, నేతపని, సోలాపూర్ అని చెప్పాను. రాశాడు. కొన్నేళ్లకు ఆ నక్షా అచ్చయి వచ్చింది. తుమ్మచెట్లు ఉన్నాయి. కొండమేకల దారి చుక్కల గీత ఉంది. కూలిన ప్రతి సమాధికీ చోటుంది. గట్టు కొస ఖాళీగా ఉంది. ఎవరు తీసేశారో నాకు తెలియదు, తెలుసుకోలేదు.

తిరిగొచ్చి లచ్చవ్వకు చెప్పడానికి పోయినప్పుడు కూడా ఆమె గడపలోనే ఉంది, బీడీ దారం పళ్ల మధ్య పట్టుకుని.

"కప్పినవా?"

"కప్పిన, వదినె. కాళ్లు దాటి కప్పిన."

"రాళ్లు ఉండె గద. ఎట్ల కప్పినవ్?"

తెలివైన మనిషి.  ఆమె దారం కొరికి తెంపి, నా ముఖంలోకి చూసింది.

"తీసిన్రా?"

"తీసిన్రు. కొత్త సారు. ఎర్కలేక."

"గప్పుడు కాళ్లు బైటనే ఉండెనా?"

"ఉండె."

 లచ్చవ్వ ఆకు తీసుకుంది, పొగాకు వేసింది, చుట్టింది. తర్వాత అంది, "అయితె తీసిందే మంచిగైంది."

నేను లేచి ఇంటికి వచ్చి, మా మగ్గం గుంతలో కూర్చుని ఏడ్చాను.

ఇక వెళ్లేవాళ్లకు

ఇప్పుడు ఆ కొండనంతా పార్కు చేశారట. సమాధులు కొన్నిటిని మళ్లీ నిలబెట్టారు, కొండమేకలను కాపాడుతున్నారు, చూడటానికి జనం వస్తున్నారు. మంచిదే, సంతోషం. ఈమధ్య ఒకతను ఫోటోలు తెచ్చి చూపించాడు. కళ్లద్దాలు పెట్టుకుని వెతికాను. గట్టు మీద అన్నీ ఒకేలా ఉన్నాయి, నాకే తేడా తెలియలేదు. లచ్చవ్వ ఎప్పుడో పోయింది. ఎల్లయ్య పోయాడు. సలీం ఉన్నాడో లేడో. ఆ గుమ్మటం ఏదో చెప్పగలిగినవాణ్ణి ఇక నేను ఒక్కణ్ణే. చద్దరు మీది పేరు ఈపాటికి మట్టిలో కలిసిపోయి ఉంటుంది. నా ఉద్యోగం నాకు నేర్పింది అదే కదా.

కాబట్టి మీలో ఎవరైనా అక్కడికి పోతే ఈ సంగతి గుర్తుంచుకోండి. కొండమేకలు నీళ్లకు దిగే దారి ఎక్కడైతే వాగులో కలుస్తుందో, అక్కడ నిలబడి కొండవైపు తిరగండి. ఎడమ చేతి గట్టు కొసన, మిగతా వాటికంటే చిన్న గుమ్మటం ఒకటి ఉంటుంది. రాళ్లు పాతవే, సమాధి పాతది కాదు. దాన్ని తెరవకండి. లోపల ఏముందో నేను చెబుతున్నాను. ఒక నేతగాడు ఉన్నాడు. ఆయన మీద ఒక కురచ చద్దరు, దాని మీద ఒక నిండు చద్దరు. కాళ్లు కప్పే ఉన్నాయి.